రిపోర్టులో ‘ఎస్’ అని ఉంది, మరి ఆ మాత్ర ఎందుకు రాయలేదు? మగవారి మూత్ర ఇన్ఫెక్షన్లు, మందులకు లొంగని బ్యాక్టీరియా

అరవై దాటిన మగమనిషి. రెండు రోజులుగా మూత్రంలో మంట, రాత్రి నాలుగైదు సార్లు లేవడం, నిన్నటి నుంచి వణుకుతో జ్వరం. యూరిన్ కల్చర్ రిపోర్టు, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసిన రిపోర్టు, చేతికొచ్చింది. పైన ‘ఈ.కోలై, మిల్లీలీటరుకు లక్ష సీఎఫ్‌యూ పైన’ అని ఉంది. మొదటిది బ్యాక్టీరియా పేరు, రెండోది అది ఎంత ఉందనే లెక్క. కింద మందుల పట్టిక: సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, లీవోఫ్లాక్సాసిన్ ఆర్, కోట్రైమాక్సజోల్ ఆర్, సెఫిక్సిమ్ ఆర్, సెఫ్ట్రియాక్సోన్ ఆర్. ఆ తర్వాత నైట్రోఫ్యూరాంటాయిన్ ఎస్, ఫాస్ఫోమైసిన్ ఎస్, అమికాసిన్ ఎస్, మెరోపెనెమ్ ఎస్. మన ల్యాబుల్లో ఇది అరుదైన రిపోర్టేమీ కాదు, రోజూ కనిపించేదే.

ఆర్ అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదు, ఎస్ అంటే లొంగుతుంది. అది చూడగానే ఇంట్లోవాళ్లకు వచ్చే అనుమానం ఒకటే: నైట్రోఫ్యూరాంటాయిన్ మాత్రకు లొంగుతుందని రాసి ఉంది కదా, అంత చవకైన మాత్ర వదిలేసి డాక్టరు అడ్మిట్ చేసి మెరోపెనెమ్ ఇంజెక్షన్లు ఎందుకు పెట్టినట్టు? బిల్లు కోసమేనా? బిల్లు కోసం చేసే చోట్లు లేవని ఎవరూ అనరు. ఈ రోగి విషయంలో మాత్రం డాక్టరు చేసింది సరైనదే. ఎందుకంటే రిపోర్టులో ఎస్ ఉన్న మందు వేరు, జ్వరంతో ఉన్న మగవాడికి పనికొచ్చే మందు వేరు. బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో ల్యాబు చెబుతుంది. ఆ మందు బ్యాక్టీరియా దాక్కున్న చోటికి చేరుతుందో లేదో ల్యాబు చెప్పదు. ఆడవారిలో ఈ తేడా చాలాసార్లు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మగవారిలో అసలు చిక్కంతా అక్కడే.

ప్రోస్టేట్ అనే కోట

ఆడవారి మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. మగవారిది 18 నుంచి 20. మలద్వారం దగ్గరి బ్యాక్టీరియా అంత దూరం ఎదురెక్కాలి కాబట్టి యాభై లోపు మగవారికి మూత్ర ఇన్ఫెక్షన్ అరుదు. వచ్చిందంటే ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది: రాయి, షుగరు, మూత్రనాళం సన్నబడటం, ఈమధ్య పెట్టిన మూత్రం పైపు (క్యాథెటర్). యాభై దాటాక ప్రోస్టేట్ గ్రంథి పెరిగి నాళాన్ని నొక్కడం మొదలవుతుంది. మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు. నిలవ ఉన్న మూత్రం బ్యాక్టీరియాకు చెరువులాంటిది. అందుకే మగవారికి ఇన్ఫెక్షన్ వస్తే కల్చర్‌తో పాటు, మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో చూసే అల్ట్రాసౌండ్ కూడా చేయించాలి. చెరువును అలాగే ఉంచి ఎన్ని మందులు పోసినా చేపలు మళ్లీ పుడతాయి.

ప్రోస్టేట్ చుట్టూ ఉన్న కణాల పొర చాలా మందులను లోపలికి రానివ్వదు. కొవ్వులో కరిగే స్వభావం ఉన్నవీ, రక్తంలో ప్రొటీన్లకు గట్టిగా అంటుకోనివీ మాత్రమే దాన్ని దాటతాయి. ఫ్లోరోక్వినోలోన్లు, అంటే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి బాగా దాటతాయి. కోట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ దాటుతుంది. ఫాస్ఫోమైసిన్ ఓ మోస్తరుగా చేరుతుంది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు మామూలు సమయంలో సరిగా దాటవు. గ్రంథి బాగా వాచి, జ్వరం ఉన్నప్పుడు ఆ పొర చిల్లులు పడ్డ కంచెలా అవుతుంది కాబట్టి అప్పుడు ఇంజెక్షన్ రూపంలో ఇస్తే లోపలికి వెళతాయి. వాపు తగ్గుతున్నకొద్దీ కంచె మళ్లీ మూసుకుంటుంది.

నైట్రోఫ్యూరాంటాయిన్ సంగతి వేరు. దాన్ని మింగితే కిడ్నీ వెంటనే మూత్రంలోకి తోసేస్తుంది. మూత్రంలో దండిగా ఉంటుంది, రక్తంలో నామమాత్రం, ప్రోస్టేట్ కణజాలంలో లేనట్టే. ల్యాబు దానికి ఎస్ అని రాసేది మూత్రంలో చేరే మోతాదును లెక్కలోకి తీసుకుని. అంటే ఆ ‘ఎస్’ మూత్రసంచి వరకే చెల్లుతుంది. జ్వరంతో వచ్చిన మగవారిలో చాలామందికి ఇన్ఫెక్షన్ ప్రోస్టేట్‌లోకి పాకి ఉంటుంది, కొందరికి కిడ్నీకి ఎక్కి ఉంటుంది, ఒక్కోసారి రక్తంలోకీ దిగుతుంది. అక్కడికి ఈ మాత్ర పోదు. మన అరవై ఏళ్లాయనకు దాన్ని రాయకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు పట్టికను మళ్లీ చూడండి. ప్రోస్టేట్‌లోకి బాగా వెళ్లే రెండు జాతులూ, క్వినోలోన్లూ కోట్రైమాక్సజోలూ, ఆర్ అయి కూర్చున్నాయి. నోటితో తీసుకునే మందుల్లో మిగిలిన రెండింటిలో ఒకటి ప్రోస్టేట్ చేరదు, రెండోది పూర్తి భరోసా ఇవ్వదు.

బ్యాక్టీరియా ఎలా మొండికేస్తుంది

మూత్రంలో దొరికే ఈ.కోలై బయటి నుంచి వచ్చిన శత్రువు కాదు. ఆ మనిషి పేగుల్లో కాపురమున్నదే. కాబట్టి ఇవాళ మూత్రంలో కనిపించిన మొండితనం అంతకుముందే పేగుల్లో తయారై ఉంటుంది. మొన్న విరేచనాలకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్, అంతకుముందు జలుబుకు ఆర్‌ఎంపీ ఇచ్చిన సెఫిక్సిమ్, ఇవన్నీ మూత్రం కోసం వాడినవి కావు. కానీ పేగులోని ఈ.కోలై మీద పని చేసింది అవే. లొంగేవి చచ్చాయి, లొంగనివి మిగిలాయి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమించాయి. ఒకసారి యాంటీబయాటిక్ వాడిన మనిషిలో ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా ఉండే అవకాశం మొదటి నెలలో అన్నిటికన్నా ఎక్కువని, ఆ ప్రభావం ఏడాది దాకా ఉండొచ్చని అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన 2010 నాటి విశ్లేషణ తేల్చింది. అందుకే తెలిసిన డాక్టరు ముందు అడిగేది ‘ఈ మధ్య ఆరు నెలల్లో ఏ మందులు వాడారు?’ అని. ‘ఏమీ వాడలేదండీ’ అనే జవాబులో షాపు నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులు ఎప్పుడూ లెక్కకు రావు!

సిప్రోఫ్లాక్సాసిన్‌నే దగ్గరగా చూద్దాం. బ్యాక్టీరియా తన డీఎన్‌ఏ మెలికలు విప్పుకోవడానికి గైరేజ్ అనే ఎంజైమ్‌ను వాడుతుంది. సిప్రో వెళ్లి దానికి అతుక్కుని పని ఆపేస్తుంది. గైరేజ్‌ను తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారి, 83వ స్థానంలో సెరిన్ బదులు లూసిన్ వచ్చిందనుకోండి, సిప్రో పట్టు సడలుతుంది. మామూలు ఈ.కోలైని ఆపడానికి మిల్లీలీటరుకు 0.015 మైక్రోగ్రాముల సిప్రో చాలు. ఈ మొదటి మార్పుతో ఆ అంకె సుమారు పది, పదిహేను రెట్లు పెరిగి 0.25 దగ్గరికి వస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్‌ఎస్‌ఐ పెట్టిన హద్దు ప్రకారం 0.25 వరకూ ఎస్. అంటే సగం దారి నడిచేసిన బ్యాక్టీరియా కూడా రిపోర్టులో మంచిపిల్లలాగే కనిపిస్తుంది. దానికి అరకొర మోతాదులో సిప్రో తగిలితే రెండో మార్పు, మూడో మార్పు వచ్చినవే బతికి బయటపడతాయి. అప్పుడు అంకె 8, 16, 32 దాటుతుంది, మందు మోతాదు పెంచినా లాభం ఉండదు.

సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్‌ల కథ వేరే. అక్కడ బ్యాక్టీరియా మందునే కోసేస్తుంది. ఆ కత్తెరను ఈఎస్‌బీఎల్ ఎంజైమ్ అంటారు. మన దేశంలో, ఆ మాటకొస్తే ప్రపంచమంతటా, ఎక్కువగా కనిపించే రకం సీటీఎక్స్-ఎం-15. ఢిల్లీలో 1999లో సేకరించిన బ్యాక్టీరియాలో దొరికినట్టు 2001లో ప్రకటించారు. దాని జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చక్రం మీద ఉంటుంది. ఒక బ్యాక్టీరియా పక్కనున్న దానికి ఆ చక్రాన్ని గొట్టం ద్వారా అందించగలదు, జాతి వేరైనా సరే. పైగా అదే చక్రం మీద జెంటామైసిన్, కోట్రైమాక్సజోల్‌లను ఎదుర్కొనే జన్యువులు కూడా తరచూ సవారీ చేస్తాయి. రిపోర్టులో ఆర్‌లు ఒక్కొక్కటిగా కాక గుంపుగా ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది. సెఫిక్సిమ్ ఒక్కటే వాడినా, ఆ సవారీ బ్యాచ్ అంతా మిగిలిపోతుంది.

తర్వాతి మెట్టు మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్‌లను కూడా కోసేయడం. ఆ కత్తెరల్లో పేరుమోసిన ఎన్‌డీఎం-1 మొదట బయటపడింది ఒక మగవాడి మూత్రంలోనే. స్వీడన్‌లో స్థిరపడ్డ భారత సంతతి వ్యక్తి, 59 ఏళ్లు, షుగరు, అంతకుముందు పక్షవాతం. 2007 డిసెంబరులో ఢిల్లీలో ఆస్పత్రిలో ఉండి, స్వీడన్ తిరిగి వెళ్లాక 2008 జనవరిలో మూత్రం కల్చర్ చేస్తే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. కార్బపెనెమ్‌లకు లొంగలేదు. ఆయన మలంలోని ఈ.కోలైలో కూడా అదే జన్యువు కనిపించింది, వేరే ప్లాస్మిడ్ మీద. జన్యువు జాతి నుంచి జాతికి దూకుతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకదు. ఎన్‌డీఎం అంటే న్యూఢిల్లీ మెటలో బీటా లాక్టమేజ్. ఊరి పేరు పెట్టినందుకు 2010లో మన దేశంలో పెద్ద రచ్చే జరిగింది. జన్యువు గురించి అందులో సగం మాట్లాడినా బాగుండేది.

భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, పెద్దాస్పత్రుల ల్యాబుల లెక్కలు ఏటా ప్రచురిస్తుంది. ఇమిపెనెమ్ అనే కార్బపెనెమ్‌కు లొంగే ఈ.కోలై 2017లో 81 శాతం ఉంటే, 2023 నాటికి 63 శాతం దగ్గరికి పడిపోయింది. ఇవి పెద్దాస్పత్రులకు చేరిన జబ్బుమనుషుల నమూనాలు. బయట క్లినిక్‌కు నడిచి వచ్చే రోగి పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గానే ఉంటుంది. అయినా ఆరేళ్లలో ఈ జారుడు చిన్నది కాదు.

మందులు మింగడం ఒక్కటే కారణం కాదు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు సుమారు 45 కిలోల సిప్రో ఆ నీటితో పోతోందని, అది అప్పటి స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందుతో సమానమని లెక్క కట్టారు. శుద్ధి కేంద్రంలో ఇళ్ల మురుగు కూడా కలుస్తుంది కాబట్టి మనుషుల పేగుల బ్యాక్టీరియా, మందు, రెండూ ఒకే తొట్టిలో కలిసి నానాయన్నమాట.

మూత్రం పట్టడం దగ్గరే తప్పు జరిగితే

కల్చర్ ఇవ్వాల్సింది మొదటి యాంటీబయాటిక్ మాత్ర పడక ముందు. ఒక్క మాత్ర వేసుకున్నా మూత్రంలో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, అప్పుడు ‘నో గ్రోత్’ అని వస్తుంది. జబ్బు ఉంటుంది, పేరు తెలియదు.

అంగం కొన మీది చర్మాన్ని వెనక్కి లాగి, నీళ్లతో కడిగి తుడవాలి. డెట్టాల్ లాంటివి వద్దు. మొదటి ధార వదిలేసి, మధ్య ధార 20, 30 మిల్లీలీటర్లు ల్యాబు ఇచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టి, చివరిది మళ్లీ వదిలేయాలి. డబ్బా లోపలి అంచును, మూత లోపలి వైపును వేలితో ముట్టకూడదు. పట్టిన తర్వాత గంట, రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెడితే 24 గంటలు ఆగుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు చిన్నది, ఫలితం పెద్దది. మన ఎండల్లో బ్యాక్టీరియా అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతుందనుకుంటే, బండి డిక్కీలో నాలుగు గంటలు ఉన్న డబ్బాలో వెయ్యి బ్యాక్టీరియా రెండున్నర లక్షలు దాటతాయి. లేని ఇన్ఫెక్షన్ రిపోర్టులో పుట్టుకొస్తుంది. మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయంటే అది దాదాపు ఎప్పుడూ చర్మం మీది కల్తీయే, మళ్లీ పట్టాలి.

ఇంకో మాట. ‘లక్ష దాటితేనే ఇన్ఫెక్షన్’ అన్న లెక్క ఆడవారి మీద చేసిన పాత అధ్యయనాల నుంచి వచ్చింది. మంట, జ్వరం ఉన్న మగవాడికి సరిగా పట్టిన మూత్రంలో ఒకే రకం బ్యాక్టీరియా వెయ్యి ఉన్నా పట్టించుకోవాలి. సీయూఈ అనే మామూలు మూత్ర పరీక్షలో పస్ సెల్స్ (చీము కణాలు) ఎక్కువున్నాయని మాత్రమే మందు మొదలెట్టడం మాత్రం తప్పు. పస్ సెల్స్ వాపుకు గుర్తు, బ్యాక్టీరియాకు కాదు.

ల్యాబులో ఒక మైక్రోలీటరు పట్టే తీగ ఉంగరంతో మూత్రాన్ని అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) ప్లేటు మీద గీసి, 35 నుంచి 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. మొలిచిన ఒక్కో కాలనీ వెయ్యితో సమానం. సీఎఫ్‌యూ అంటే ఆ లెక్కే. మర్నాడు ఆ బ్యాక్టీరియాను సెలైన్‌లో నిర్ణీత చిక్కదనంతో కలిపి, ముల్లర్-హింటన్ అగార్ ప్లేటంతా దూదిపుల్లతో పూసి, 6 మిల్లీమీటర్ల మందు బిళ్లలు పెడతారు. మందు పాకినంత మేర బ్యాక్టీరియా పెరగక చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. సిప్రో బిళ్ల చుట్టూ వలయం 26 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ఎస్, 21, అంతకు లోపు ఉంటే ఆర్. నైట్రోఫ్యూరాంటాయిన్‌కు 17 ఉన్నా ఎస్. ఒక్కో మందుకు ఒక్కో కొలత కాబట్టి వలయం పెద్దగా ఉన్న మందే గొప్పదనుకోకూడదు. మిషన్ మీద చేసే ల్యాబులు వలయం బదులు ఎంఐసీ అంకె, అంటే బ్యాక్టీరియాను ఆపడానికి కావాల్సిన అతి తక్కువ మందు మోతాదు, ఇస్తాయి. దాంట్లోనూ అంతే, ‘నైట్రోఫ్యూరాంటాయిన్ 16, అమికాసిన్ 2’ అని ఉంటే అమికాసిన్ ఎనిమిది రెట్లు మేలని కాదు. అగార్ 4 మిల్లీమీటర్ల కన్నా మందంగా పోసినా, బ్యాక్టీరియా మరీ చిక్కగా పూసినా వలయాలు కుంచించుకుపోయి లొంగే మందు కూడా ఆర్ అయిపోతుంది. రోజువారీ నాణ్యత పరీక్షలు చేసే ల్యాబును ఎంచుకోమనేది అందుకే. రెండొందలు తక్కువకు దొరికిందని వెళ్లేచోట ఈ మందం ఎవరు కొలుస్తారు?

ఎన్ని రోజులు?

జ్వరం లేదు, వణుకు లేదు, నడుము పక్కన నొప్పి లేదు, మంట మాత్రమే ఉంది. అప్పుడు ఇన్ఫెక్షన్ మూత్రసంచి దగ్గరే ఉందని అనుకోవచ్చు. నైట్రోఫ్యూరాంటాయిన్‌కు ఇది సరైన చోటు: 100 మిల్లీగ్రాముల నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, రోజుకు రెండు, ఏడు రోజులు, అన్నం తిన్నాక. ఆడవారికి ఐదు రోజులు చాలు. మూత్రం ముదురు పసుపు, గోధుమ రంగులోకి మారుతుంది, కంగారు పడక్కర్లేదు. కిడ్నీ పనితీరు ఈజీఎఫ్‌ఆర్ 45 కన్నా తక్కువుంటే సాధారణంగా వాడరు, ఎందుకంటే మందు మూత్రంలోకే చేరదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవారికి రక్తకణాలు పగులుతాయి. కల్చర్‌లో ప్రోటియస్ గానీ సూడోమోనాస్ గానీ వస్తే అవి పుట్టుకతోనే దీనికి లొంగవు. మంటకు తాగే సిట్రేట్ సిరప్‌లు మూత్రాన్ని క్షారంగా మార్చి దీని పదును తగ్గిస్తాయి. ఒకే చీటీలో ఈ రెండూ కనిపించడం మామూలైపోయింది.

జ్వరం లేని మగవారికి ఏడు రోజులు చాలా, పద్నాలుగు కావాలా అని అమెరికాలో 272 మందిపై చేసిన పరీక్ష 2021లో వచ్చింది. వాడినవి సిప్రో గానీ కోట్రైమాక్సజోల్ గానీ. ఏడు రోజుల వారిలో 93 శాతం, పద్నాలుగు రోజుల వారిలో 90 శాతం కోలుకున్నారు. రెండో వారం మాత్రలు పేగుల్లో బ్యాక్టీరియాను రాటుదేల్చడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. అదే జ్వరం ఉన్న మగవారి మీద ఫ్రాన్స్‌లో ఓఫ్లాక్సాసిన్‌తో చేసిన పరీక్షలో కథ తిరగబడింది: ఏడు రోజులకు 56 శాతం, పద్నాలుగు రోజులకు 78 శాతం. ‘కోర్సు పూర్తి చేయాలి’ అనే మాట నిజమే గానీ, ఏ కోర్సు ఎంత పొడవో జ్వరం ఉందా లేదా అన్నది నిర్ణయిస్తుంది. ప్రోస్టేట్ బాగా వాచినప్పుడు రెండు నుంచి నాలుగు వారాలు, ఇన్ఫెక్షన్ అక్కడే పాతుకుపోయి నెలల తరబడి వేధిస్తుంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అదే బ్యాక్టీరియా, అదే ఆర్-ఎస్ వరుసతో రెండు మూడు నెలలకోసారి తిరిగొస్తోందంటే అది కొత్త ఇన్ఫెక్షన్ కాదు, ప్రోస్టేట్‌లో దాక్కున్న పాతదే. పాత రిపోర్టులు పారేయకుండా ఉంచితేనే ఇది కనిపెట్టగలరు.

మన అరవై ఏళ్లాయనకు మొదట మెరోపెనెమ్ గ్రాము చొప్పున ఎనిమిది గంటలకోసారి. జ్వరం దిగాక రోజుకు ఒక్కసారి వేసే ఎర్టాపెనెమ్ ఇంజెక్షన్‌కు మారి ఇంటికి వెళ్లొచ్చు. అమికాసిన్ ఎస్ అయినా వారాల తరబడి నడపలేరు, కిడ్నీనీ చెవినీ దెబ్బతీస్తుంది, ప్రోస్టేట్‌లోకీ అంతంతమాత్రమే. ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి ప్యాకెట్ ఒక్కటి ఆడవారి మామూలు ఇన్ఫెక్షన్‌కు సరిపోతుంది. ప్రోస్టేట్‌కు వాడాల్సివస్తే వారం పాటు రోజుకొకటి, తర్వాత రోజు విడిచి రోజు ఆరు వారాల దాకా ఇచ్చిన పద్ధతులున్నాయి. ఒక ప్యాకెట్ తాగి తగ్గలేదని మందును తిట్టుకోవడం అన్యాయం.

సిప్రో ఎస్ వచ్చిన అదృష్టవంతులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాలు, పెరుగు, క్యాల్షియం, ఐరన్, జింక్ మాత్రలు, కడుపు మంటకు తాగే తెల్లటి యాంటాసిడ్, ఇవన్నీ సిప్రోను కడుపులోనే కట్టిపడేస్తాయి. రక్తంలోకి పోయేది సగానికి పడిపోవచ్చు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. పెరుగన్నం తిని వెంటనే మాత్ర వేసుకోవడమంటే, ఇందాక చెప్పిన అరకొర మోతాదును చేతులారా తయారుచేసుకోవడమే. మడమ వెనక నరం దగ్గర నొప్పి మొదలైతే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. స్నాయువులు తెగడం లాంటి ప్రమాదాలు ఉన్నందువల్లే ఐరోపాలో 2019 నుంచి ఈ జాతి మందుల వాడకాన్ని బాగా కుదించారు.

మందు అక్కర్లేని చోట

మూత్రం పైపు పెట్టుకున్న వృద్ధుల దగ్గర అనవసరపు యాంటీబయాటిక్ ఖర్చవుతున్నంతగా ఇంకెక్కడా కాదేమో. పైపు లోపలి గోడ మీద బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని ఉంటుంది. పైపు పెట్టిన ప్రతి రోజుకూ 3 నుంచి 8 శాతం చొప్పున మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం పెరుగుతుంది, నెల తిరిగేసరికి దాదాపు అందరికీ ఉంటుంది. జ్వరం, వణుకు, మగత, కడుపు కింద నొప్పి ఏవీ లేకపోతే ఆ కల్చర్ అడగడమే తప్పు. మూత్రం మబ్బుగా ఉందని, వాసన వస్తోందని ఇచ్చే మందు జిగురు పొరలోని మొండివాటిని ఏరి మిగులుస్తుంది. నిజంగా జ్వరం వస్తే, పైపు రెండు వారాలు దాటినదైతే ముందు దాన్ని మార్చి, కొత్త పైపు నుంచి మూత్రం పట్టాలి. పైపుకు తగిలించిన సంచిలోంచి మూత్రం పట్టకూడదు. ప్రోస్టేట్ ఆపరేషన్‌కు ముందు మాత్రం లక్షణాలు లేకున్నా కల్చర్ చేసి మందు ఇస్తారు, లోపలి పొర గీసుకుపోయి బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి దూకుతుంది కాబట్టి.

పస్ సెల్స్ నిండుగా ఉండి కల్చర్‌లో ఏమీ మొలవకపోతే మన దేశంలో టీబీని మరవకూడదు. మూత్రం టీబీ మామూలు కల్చర్‌లో రాదు. లీవోఫ్లాక్సాసిన్ టీబీ మీద కూడా కొంత పనిచేస్తుంది కాబట్టి, ఊరికే రాసిచ్చిన కోర్సు లక్షణాలను కొన్నాళ్లు అణచి జబ్బును దాస్తుంది. కుర్రవాళ్లలో స్రావంతో మంట ఉంటే గనేరియా, క్లామిడియా అనే సుఖవ్యాధుల పరీక్షలు వేరే. ఇన్ఫెక్షన్ సమయంలో పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష చేయించి క్యాన్సరేమోనని భయపడటం ఇంకో తంతు. తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించాలి.

కొత్త మందులు ఎవరికి?

అమెరికాలో ఏడాది వ్యవధిలో మూత్ర ఇన్ఫెక్షన్‌కు మూడు కొత్త మాత్రలకు అనుమతి వచ్చింది: 2024 ఏప్రిల్‌లో పివ్‌మెసిలినామ్, అక్టోబరులో సులోపెనెమ్, 2025 మార్చిలో గెపోటిడాసిన్. మూడూ ఆడవారి మామూలు ఇన్ఫెక్షన్‌కే. మగవారు ఆ అనుమతి పరిధిలో లేరు. మగవారి ఇన్ఫెక్షన్‌ను ‘క్లిష్టమైనది’ అనే గంపలో వేసి పరీక్షల నుంచి పక్కన పెట్టడం పాత అలవాటు. అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2025లో ఆ గంపను సవరించి, జ్వరం లేకుండా మూత్రసంచికే పరిమితమైతే మగవారిదైనా మామూలు ఇన్ఫెక్షనే అంది. ఇంజెక్షన్లలో చెన్నై సంస్థ ఆర్కిడ్ ఫార్మా కనిపెట్టిన ఎన్మెటాజోబాక్టమ్‌ను సెఫెపిమ్‌తో కలిపిన మందు 2024లో అమెరికా అనుమతి పొందింది. ఈఎస్‌బీఎల్ కత్తెరను అది మొద్దుబారుస్తుంది. ఎన్‌డీఎం ముందు మాత్రం నిలవదు. ఎన్‌డీఎం ఉంటే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌కు అజ్‌ట్రియోనామ్ జోడించి ఇస్తారు. రిపోర్టులో మెరోపెనెమ్ ఆర్ వస్తే, అది ఎన్‌డీఎం వల్లా, ఆక్సా-48 అనే మరో కత్తెర వల్లా అని తేల్చే పరీక్ష అడగాలి. రెండింటికీ మందు ఒకటి కాదు, ఆక్సా-48కి అజ్‌ట్రియోనామ్ లేకుండా సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఒక్కటే సరిపోతుంది.

సెలవులకు ఊరొచ్చి వెళ్లే మన ప్రవాసులకూ ఇందులో పని ఉంది. నెదర్లాండ్స్ నుంచి వివిధ దేశాలు తిరిగొచ్చిన రెండు వేల మంది దాకా ప్రయాణికులను పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, దక్షిణాసియాకు వెళ్లొచ్చిన వారిలో 75 శాతం మంది పేగుల్లో ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియాను వెంట తీసుకెళ్లారు. సగం మందికి నెలలో పోయింది. ఇలా అంటించుకున్న అన్ని దేశాల ప్రయాణికుల్లో 11 శాతం మందికి ఏడాది తర్వాత కూడా ఉంది. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో మూత్రంలో మంటతో, జ్వరంతో ఎమర్జెన్సీకి వెళితే అక్కడి డాక్టరు తన ఊరి లెక్కలను బట్టి సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెడతాడు. ఇండియా నుంచి ఎప్పుడు వచ్చారో, అక్కడ ఆస్పత్రిలో ఉన్నారా, ఏ మాత్రలు వాడారో అతను అడగకపోయినా ముందే చెప్పి, ఫోన్‌లో ఉన్న పాత కల్చర్ రిపోర్టు ఫోటో చూపించాలి. మొదటి డోసు ఆ రిపోర్టును బట్టే మారుతుంది.